లక్ష మంది చూశారు, బాపు మాత్రం మాట్లాడటం లేదు

వరంగల్ కొత్తవాడ నుంచి ఒక యువతి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దని కోరారు. వయసు 27. వాళ్ల బాపు నలభై ఏళ్లుగా జంపఖానాలు (నేల మీద పరుచుకునే మందపాటి నూలు బట్టలు) నేస్తున్నారు. అమ్మ కండెలకు నూలు చుడతారు, రంగుల పని చూసుకుంటారు. ఒకప్పుడు చేనేత సొసైటీ ద్వారా ఏడాది పొడవునా పని ఉండేదట. ఇప్పుడు వారంలో మూడు రోజులు మగ్గం ఖాళీగానే ఉంటోంది. ఈమె బీకాం చదివి హన్మకొండలో ఒక దుకాణంలో లెక్కలు రాసేవారు. మన సరుకు మనమే అమ్ముకుందామని నిరుడు ఆ ఉద్యోగం మానేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టారు. ఎనిమిది నెలల్లో 640 మంది ఫాలోవర్లు వచ్చారు, 11 జంపఖానాలు అమ్ముడుపోయాయి. ఏ పోస్టు పెట్టినా రెండు వందల మంది చూస్తే ఎక్కువ.

అది చూసి కాక కొడుకు, హైదరాబాద్‌లో డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసి వచ్చినతను, వాట్సాప్‌లో 28 హ్యాష్‌ట్యాగులు, అంటే ముందు # గుర్తు పెట్టిన మాటలు, పంపాడు. "అక్కా, ఇది ప్యాకెట్. ఏది పెట్టినా కింద కాపీ పేస్ట్ కొట్టు" అన్నాడు. అందులో ఇద్దరు సినిమా హీరోల పేర్లు, క్రికెట్, #వైరల్, #ట్రెండింగ్, #తెలుగుఅమ్మాయి ఉన్నాయి. వాటి మధ్యలో #చేనేత, #వరంగల్‌జంపఖానా, #జీఐట్యాగ్ ఉన్నాయి. సద్దుల బతుకమ్మ రోజు ఆమె పట్టుచీర కట్టుకుని, బాపు నేసిన కొత్త జంపఖానా పరిచి, దాని మీద బతుకమ్మను పెట్టి ఒక రీల్ చేశారు. 1,12,000 వ్యూస్ వచ్చాయి. ఫాలోవర్లు తొమ్మిది వేలు దాటారు. ఆర్డరు ఒక్కటే వచ్చింది, అది కూడా తర్వాత వద్దన్నారు. కామెంట్లలో మాత్రం రాయకూడని రాతలు, రాత్రిపూట మెసేజ్‌లు. ఉద్యోగం కోసం ఊరు వదిలి వెళ్లిన తమ్ముడు అవి చూసి, "సంబంధాలు చూస్తున్న టైంల ఇదంతా ఎందుకు, పేజీ తీసెయ్" అని రోజూ ఫోన్ చేస్తున్నాడు.

ఉత్తరం చివర్లో, బ్రాకెట్లో, ఒక్క వాక్యం ఉంది. పేజీ రోజూ నడవాలి, బాపు నేసేది నెలకు ఐదారే కాబట్టి, దీపావళి తర్వాత ఒక హోల్‌సేల్ దుకాణం నుంచి మిషన్ మీద తయారైన మ్యాట్లు తెచ్చి, ఫొటోలు పెట్టి, కింద అదే ప్యాకెట్ అతికించారట. 400 రూపాయలకు తెచ్చినవి 650కి ఆరు అమ్ముడుపోయాయి. ఇప్పుడు 18 రోజులుగా బాపు ఆమెతో మాట్లాడటం లేదు. కామెంట్లు చూసి పరువు పోయిందని బాధపడుతున్నారని ఆమె నమ్మకం. ట్యాగులు తీసేస్తే పేజీ చచ్చిపోతుందా, అసలు ఎన్ని పెట్టాలి, తమ్ముడు చెప్పినట్టు పేజీ మూసేయాలా, బాపును ఎట్లా మాట్లాడించాలి అని అడుగుతున్నారు.

చెల్లెమ్మా, మీరు అడిగిన వరుసలో కాకుండా ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను. మీ ఉత్తరంలోని తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి మీరు అనుకున్నట్టు లేదు.

చెడ్డ కామెంట్లు మొదలైంది బతుకమ్మ రాత్రే. మరునాడు బాపుకు చూపించి ఏడ్చానని మీరే రాశారు. అప్పుడు ఆయన అన్న మాట కూడా రాశారు: "గిసొంటోళ్లు బజార్ల గూడ ఉంటరు బిడ్డా. నువ్వెందుకు ఏడుస్తవ్?" ఆ తర్వాత మూడు వారాలకు పైగా మీ ఇంట్లో మాటలు మామూలుగానే సాగాయి. ఆగిపోయింది పక్కింటి అబ్బాయి తన ఫోన్‌లో మ్యాట్ల పోస్టు చూపించిన సాయంత్రం. "గిది మన మగ్గం మీదిదేనా?" అని ఆయన అడిగితే, "ఇన్‌స్టాల అందరు ఇట్లనే పెడ్తరు బాపూ" అన్నారు మీరు. ఆయన లేచి వెళ్లిపోయారు.

కామెంట్ల గురించి ఆయన మిమ్మల్ని ఓదార్చారు. పరువు కోసం అలిగే మనిషి ఆ రోజే అలిగేవారు. ఆయన మనసు విరిగింది తాను నెయ్యని బట్టకు తన పని పేరు తగిలించినందుకు. అది చేసింది ఎవరో బయటి వ్యాపారి అయితే నాలుగు తిట్టి ఊరుకునేవారు. చేసింది సొంత బిడ్డ కాబట్టి ఏమనాలో తోచక మౌనంగా ఉండిపోయారు.

నా చిన్నప్పుడు పెళ్లి అంటే పందిట్లో ముందు పరిచేది జంపఖానాలే. భజన జరిగినా, పంచాయితీ కూర్చున్నా, పిల్లల బారసాల అయినా అటక మీది నుంచి అవే దిగేవి. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాక ఆ కాలం పోయింది. అయినా పదిహేనేళ్ల కిందటి జంపఖానాను ఉతికి ఆరేస్తే ఇంకా గట్టిగానే ఉంటుంది. ఆ గట్టితనమే మీ బాపు సంపాదన. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. ఈ ప్రాంతంలో, ఈ పద్ధతిలో నేసిన సరుకుకే ఆ పేరు చెల్లుతుందని దాని అర్థం. 1999 నాటి జీఐ చట్టంలో, ఆ పేరును తప్పుగా వాడి అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా అని రాసి ఉంది. ఆరు మ్యాట్ల కోసం మీ ఇంటికి పోలీసులు వస్తారని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. మీరు ప్యాకెట్లో ఒక మాటగా అతికించినది చట్టం కాపలా కాసే పేరు అని తెలియాలని చెబుతున్నాను.

మీకు మోసం చేసే ఉద్దేశం లేదని నాకు అర్థమవుతూనే ఉంది. మోసం చేసేవాళ్లు దాన్ని ఉత్తరంలో రాయరు. కానీ ప్యాకెట్ అతికించే అలవాటులోనే ఈ ప్రమాదం ఉంది. పైన ఏ ఫొటో ఉందో చూడకుండానే చెయ్యి కింద అవే మాటలు పెట్టేస్తుంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తా మూతి దగ్గర ఎర్రటి కాయ పోసి అడుగున తాలు కాయ నింపితే, కొనేవాళ్లు చెయ్యి లోపలికి పెట్టి తీసి చూసుకుంటారు. ఆన్‌లైన్‌లో కొనే మనిషికి ఆ వీలు లేదు. ఆ మనిషి ముందు ఉన్నది ఒక ఫొటో, దాని కింద మీరు రాసిన మాటలు, అంతే. ఆ మాటలను నమ్మే ఆరుగురు డబ్బు పంపారు.

ఇక హ్యాష్‌ట్యాగుల సంగతి. 2007 ఆగస్టు 23న క్రిస్ మెస్సినా అనే అమెరికన్ ట్విట్టర్‌లో ఒక చిన్న ప్రశ్న వేశాడు. ఒకే విషయం మాట్లాడుకునే గుంపుల కోసం మాట ముందు ఈ గుర్తు పెట్టుకుంటే ఎట్లా ఉంటుందని. ఒక విషయం మీద ఇష్టం ఉన్నవాళ్లు ఒకచోట చేరడానికి పుట్టిన గుర్తు అది. దారిన పోయే జనాన్నంతా లాక్కురావడానికి పెట్టింది కాదు.

చాలా ఏళ్లు ఇన్‌స్టాగ్రామ్ ఒక పోస్టుకు 30 ట్యాగుల దాకా ఒప్పుకుంది. అందుకే ఆ 30 నింపితేనే లాభమనే నమ్మకం కోర్సుల్లో, వీడియోల్లో పాతుకుపోయింది. కానీ 2021లో అదే సంస్థ 3 నుంచి 5 చాలని చెప్పింది. హ్యాష్‌ట్యాగుల వల్ల రీచ్, అంటే పోస్టు చేరే మనుషుల సంఖ్య, పెద్దగా పెరగదని దాని అధిపతి ఆడమ్ మొస్సేరి పలుమార్లు అన్నారు. 2024 డిసెంబర్‌లో ట్యాగులను ఫాలో అయ్యే వీలును కూడా తీసేశారు. మీ కాక కొడుకు అబద్ధం చెప్పలేదు, పాత పాఠం చెప్పాడు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇది: ఆ 28 తీసేసినంత మాత్రాన పేజీ చచ్చిపోదు.

ఇప్పుడు ట్యాగు ప్రధానంగా చేసే పని, ఈ పోస్టు దేని గురించో యాప్‌కు చెప్పడం. యాప్ ముందు కొంతమందికి చూపించి, వాళ్లు చివరిదాకా చూశారా, సేవ్ చేసుకున్నారా, ఇంకొకరికి పంపారా అని గమనిస్తుంది. దాన్ని బట్టి అలాంటి మనుషులకే ఇంకా చూపిస్తుంది. మీ రీల్ కింద హీరోలు, క్రికెట్, అమ్మాయి, చేనేత అన్నీ ఉన్నాయి. అందులో పండగ చీరలో ఉన్న ఆడపిల్ల కనిపిస్తోంది. #తెలుగుఅమ్మాయి అనే మాటను వెతికేవాళ్లు ఏం వెతుకుతారో మీకు నేను చెప్పనక్కర్లేదు. వాళ్లు వచ్చారు, చూశారు, ఆగారు. వాళ్లు ఆగిన కొద్దీ యాప్ వాళ్లలాంటి వాళ్లనే తెచ్చింది. మీ పేజీ ప్రొఫెషనల్ అకౌంట్ అయితే ఇన్‌సైట్స్ (పేజీ లెక్కలు ఉండే చోటు) తెరిచి, మీ ఫాలోవర్లలో ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, ఏ వయసువాళ్లు, ఏ ఊళ్లవాళ్లు అన్నది ఒక్కసారి చూడండి. ఇల్లు సర్దుకునే, జంపఖానా కొనే మనుషులు అందులో ఎందరున్నారో మీకే అర్థమవుతుంది.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ట్యాగు వాళ్లను మీ గుమ్మం దాకా తెచ్చిందేమో కానీ, ఆ రాతలు రాసింది వాళ్లు. మీరు చీర కట్టుకోవడం తప్పు కాదు, రీల్‌లో కనిపించడం తప్పు కాదు. ఆ కామెంట్లు తీసేయండి, రాసినవాళ్లను బ్లాక్ చేయండి, సెట్టింగ్స్‌లో హిడెన్ వర్డ్స్ అనే చోట ఆ బూతు మాటలను తెలుగులోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగులోనూ చేర్చండి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవే ఎక్కువ, అవి మర్చిపోవద్దు. ఎవరైనా వెంటపడితే, ఫొటో మార్చి పెడతామని బెదిరిస్తే, స్క్రీన్‌షాట్లు దాచుకుని, ఆడవాళ్ల రక్షణ కోసం పోలీసులు నడిపే షీ టీమ్స్‌కు చెప్పండి. వరంగల్ కమిషనరేట్‌లోనూ ఆ బృందాలు ఉన్నాయి.

మీరు 1,12,000 అని రెండుసార్లు గీత గీసి రాశారు. ఎనిమిది నెలల తర్వాత ఆ అంకె చూస్తే ఎంత ఊపిరి వచ్చి ఉంటుందో నాకు తెలుసు. అయినా దాని పక్కన ఇంకో లెక్క వేయండి, మీరు లెక్కలు తెలిసిన మనిషి. 640 మంది ఉన్నప్పుడు 11 జంపఖానాలు వెళ్లాయి. తొమ్మిది వేల మంది అయ్యాక మీ మగ్గం మీదిది ఒక్కటీ వెళ్లలేదు.

ఎన్ని పెట్టాలి అన్నదాని కంటే ఏవి పెట్టాలి అన్నది మీకు ఎక్కువ పనికొస్తుంది. మూడు, నాలుగు, ఐదు, ఏదైనా సరే. ఫొటోలో నిజంగా ఉన్నదాన్ని చెప్పాలి, కొనే మనిషి నోట్లో ఉండే మాట అయి ఉండాలి. మనకు అది జంపఖానా. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనుక్కున్న తెలుగువాళ్లకు కూడా ఈ మాట తెలుసు కానీ, వాళ్ల పిల్లలకు తెలియదు. ఉత్తరాదివాళ్లు దరీ అంటారు. ఇంగ్లిష్‌లో వెతికేవాళ్లు ధురీ అనే మాటను రెండు మూడు స్పెల్లింగులతో రాస్తారు, రగ్ అని కూడా అంటారు. ఇవన్నీ ఒకే పోస్టు కింద గుమ్మరించవద్దు. ఒక రోజు తెలుగువాళ్ల కోసం రాయండి, ఇంకో రోజు బయటివాళ్ల కోసం రాయండి. #వరంగల్‌జంపఖానా అన్నది మగ్గం మీద నుంచి దిగిన దానికే. రెండు మాటల మధ్య ఖాళీ వదిలితే మొదటి మాట మాత్రమే ట్యాగు అవుతుంది, అందుకే పోస్టు చేశాక ఒకసారి నొక్కి చూసుకోండి. యాప్‌లో వెతికేటప్పుడు కింద రాసిన మామూలు మాటలు కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి "నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, నూలు జంపఖానా, కొత్తవాడలో నేసింది" అని మొదటి వాక్యంలోనే రాయండి. కొనే మనిషికి కావాల్సింది కూడా అదే.

మేడారం జాతర వచ్చిందంటే చాలు, #మేడారం, #సమ్మక్కసారలమ్మ పెట్టు, లక్షల మంది చూస్తారు అని మీ కాక కొడుకు తప్పకుండా అంటాడు. మామూలు ఫొటో కింద ఆ తల్లుల పేర్లు పెడితే భక్తులకు కష్టంగా ఉంటుంది, అలా పెట్టకండి. కానీ జాతరకు వెళ్లే కుటుంబాలు ట్రాక్టర్ల మీద ఏం వేసుకుని వెళ్తాయి? జంపన్న వాగు దగ్గర, గుడారాల్లో ఏం పరుచుకుని పడుకుంటాయి? మీ ఇంట్లో జాతరకు వెళ్లొచ్చిన పాత జంపఖానా ఉంటే దాని కథ చెప్పండి, దాని మీద పడుకున్న అమ్మ చేత చెప్పించండి. అప్పుడు అదే ట్యాగు నిజమవుతుంది. ఏ ట్యాగయినా పెట్టే ముందు ఈ తేడా చూసుకుంటే చాలు.

పేజీ మూసేయాలా అంటే, మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. మూసేస్తే కామెంట్లు, తమ్ముడి ఫోన్లు రెండూ ఆగుతాయి. కానీ ఆ 11 జంపఖానాలు కొన్నవాళ్లు రేపు ఇంకొకటి కావాలంటే మిమ్మల్ని ఎక్కడ వెతుకుతారు? ఉద్యోగం వదిలి చేసిన ఏడాది పని కూడా దాంతోపాటే పోతుంది. రెండోది, ఈ పేజీనే ఉంచి శుభ్రం చేయడం. ప్యాకెట్ ఉన్న పాత పోస్టులను ఎడిట్ చేసి ట్యాగులు తీసేయొచ్చు, పోస్టు తీయాల్సిన పనిలేదు. కాకపోతే ఆ తొమ్మిది వేల మంది ఇక్కడే ఉంటారు. మీరు మగ్గం చూపిస్తే వాళ్లు చూడకుండా దాటేస్తారు, కొన్నాళ్లు వ్యూస్ బాగా పడిపోతాయి. ఆ రెండు మూడు నెలలు గుండె రాయి చేసుకోవాలి. మూడోది, కొత్త పేజీ తెరిచి పాత కొనుగోలుదారులకు మాత్రం చెప్పడం. మళ్లీ సున్నా నుంచి మొదలు, కానీ మొదటి రోజు నుంచీ సరైన మనుషులే ఉంటారు. నాకైతే రెండో దారి మీద మొగ్గు ఉంది, ఎందుకంటే ఆ 640 మంది మిమ్మల్ని నమ్మి వచ్చినవాళ్లు. ఆ రాతలు ఇంకా నిద్ర పట్టనివ్వకపోతే మాత్రం మూడోది ఎంచుకోండి, అందులో ఓటమి ఏమీ లేదు.

మీ ముఖం చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం. తమ్ముడిది ప్రేమే, భయం కూడా ఉంది. కానీ పేజీ చూసి వద్దనుకునే సంబంధం, ఈ పని చూసి కూడా వద్దంటుంది. ఆ సంగతి పెళ్లికి ముందే తెలియడం మంచిది. ఆ కామెంట్లు తీసే పనిలో తమ్ముడి సాయం అడగండి. దూరం నుంచి కోప్పడటం కంటే చేతిలో పని ఉంటే అతనికీ బాగుంటుంది.

మిషన్ మ్యాట్లు అమ్మడం నేరమేమీ కాదు. ఇల్లు గడవడానికి అవి అమ్మాల్సి వస్తే వేరే పేజీలో, వేరే పేరుతో, మిషన్ మీద చేసినవని రాసి అమ్మండి. బాపు దానికి కూడా ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఇంట్లో కూర్చుని ఖర్చుల లెక్క ఆయన ముందు పెట్టాలి. నెలకు ఐదారు జంపఖానాలతో ఇల్లు నడవదన్న మీ బాధ నిజమైనదే, ఆ మాట ఆయనకు ఇంతవరకు ఎవరూ చెప్పినట్టు లేదు. సరుకు తక్కువ అయితే రోజూ పోస్టు పెట్టాలని కూడా లేదు. ఒక జంపఖానా పూర్తవడానికి పట్టే రోజులే మీకు పోస్టులు: రంగు ఎక్కించిన నూలు, పడుగు సాగదీయడం, అమ్మ చుట్టే కండెలు, పూర్తయ్యాక మడత. మంచి కథ ఉండి, నిజమైన ట్యాగు ఉంటే వారానికి రెండు చాలు. జీఐ పేరు వాడుకోవడానికి బాపును అధీకృత వినియోగదారుగా నమోదు చేయించే వీలు కూడా చట్టంలో ఉంది. మీ సొసైటీలో ఎవరైనా ఇప్పటికే చేయించుకున్నారేమో కనుక్కోండి. ఆ పని మీరు ఆఫీసుల చుట్టూ తిరిగి చేయించగలరు, ఆయన చేయించుకోలేరు.

ఆ ఆరుగురి సంగతికి వస్తే, ఏమీ అనకుండా వదిలేయొచ్చు. వాళ్లలో చాలామందికి తేడా తెలియకపోవచ్చు కూడా. తెలిసిన ఒక్కరు కింద వచ్చి రాస్తే అది మీ మీద కాకుండా బాపు నేత మీద పడుతుంది. లేదా చెప్పి, కావాలంటే డబ్బు తిరిగి ఇస్తామనొచ్చు. అందరూ అడిగినా 3,900 రూపాయలు, దారి ఖర్చులు. ఇప్పుడున్న పరిస్థితిలో మీకు అది చిన్న మొత్తం కాదని తెలుసు. అయినా నేను చెప్పమనే అంటాను. నలుగురు పర్లేదు ఉంచుకుంటాం అంటారనుకుంటున్నాను. ఆ పోస్టు కింద #చేనేత, #వరంగల్‌జంపఖానా, #జీఐట్యాగ్ మూడూ ఈ రోజే తీసేయండి.

వాళ్లకు ఏం రాయాలో తోచకపోతే ఇట్లా రాయొచ్చు: "అమ్మా, మీరు మా దగ్గర కొన్న మ్యాటు మిషన్ మీద చేసింది. వరంగల్ జంపఖానా అని నేను తప్పుగా రాశాను. వద్దనుకుంటే తిరిగి పంపండి, డబ్బు వెంటనే వేస్తాను. మా బాపు నేసింది కావాలంటే దాని ఫొటో, ధర పంపుతాను."

పంపే ముందు ఫోన్ తీసుకెళ్లి మగ్గం దగ్గర కూర్చుని, ఆ నాలుగు వాక్యాలు బాపుకు చదివి వినిపించండి. మాట్లాడమని అడగవద్దు. చదివాక, ఇప్పుడు మగ్గం మీద ఉన్న డిజైన్‌ను మీరంతా ఏ పేరుతో పిలుస్తారని మాత్రం అడగండి.